లేని డిస్కు ఎలా ఆపుతుంది?

చెడిపోతున్న హార్డ్ డిస్కును కంప్యూటర్‌లోంచి తీసేస్తే యంత్రం తేలికపడాలి. విండోస్ ఉన్నది కొత్త ఎస్ఎస్‌డీలో. పాతదానిలో మిగిలినవి ఫొటోలూ పాటలూ, అవీ అరకొరగా తెరుచుకునేవే. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ నివేదికలో చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల లెక్క పెరుగుతున్నప్పుడు, ఉన్నవి కాపీ చేసుకుని డిస్కును తీసేయడమే వివేకం. తీరా తీసేసి స్విచ్ వేస్తే, బూట్ చేయడానికి సరైన డివైస్ చూపించమంటూ నల్లని తెర మీద ఒక వాక్యం. లోపలికి కొత్తగా ఏదీ చేరలేదు. ఒకటి లేకుండా పోయింది, అంతే. లేనిది వచ్చి యంత్రాన్ని పట్టుకుని ఆపుతుందా? దీన్ని రిపేరు షాపు వాళ్లకు వదిలేయవచ్చు గానీ, మన తార్కికులు శతాబ్దాల తరబడి తలపడ్డ ప్రశ్న ఇది: అభావం దేనికైనా కారణం కాగలదా? కాగలదనే నేను వాదిస్తాను. కాకపోతే ఏది లేదో కచ్చితంగా పేరు పెట్టి చెప్పగలగాలి. ‘ఏదో లేదు’ అన్నది ఎన్నడూ కారణం కాజాలదు.

ప్రాభాకర మీమాంసకులు ఈ మాట ఒప్పుకోరు. నేల మీద కుండ లేదంటే వాళ్ల దృష్టిలో అక్కడున్నది ఉత్త నేలే. అభావమనే వేరే పదార్థం లేదు. నైయాయికులు ఉందంటారు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఏడు పదార్థాలను లెక్కించి, ఏడవదిగా అభావాన్నే చెప్పాడు. ప్రతి అభావానికీ ఒక ప్రతియోగి ఉంటుందన్నది న్యాయశాస్త్రం పట్టు: కుండ లేకపోవడానికి ప్రతియోగి కుండ. దేని అభావమూ కాని అభావం ఉండదు. న్యాయసూత్రాల భాష్యంలో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. గుర్తులున్న బట్టలూ లేని బట్టలూ కలిసి ఉన్న చోట, గుర్తు లేనివి తెమ్మంటే మనిషి తప్పకుండా తెస్తాడు. అతని చేతికి దారి చూపింది గుర్తు లేకపోవడమే. పాత బయాస్ చేసే పని అచ్చం ఇదే. డిస్కులోని మొదటి సెక్టారు 512 బైట్లు. వాటిలో చివరి రెండు బైట్లలో ఒక నియత గుర్తు ఉండాలి. అది కనబడకపోతే ఆ డిస్కును వదిలి తర్వాతి దానికి వెళ్తుంది. గుర్తు లేకపోవడం ఇక్కడ పని చేస్తోంది, పనిని మళ్లిస్తోంది.

ప్రాభాకరుల పక్షాన ఒకరు ఇలా అడగవచ్చు: ఆపింది ఖాళీ అయిన పోర్టు అనుకుంటే సరిపోదా, అభావం దాకా ఎందుకు? మదర్‌బోర్డు మీద కొన్ని సాటా పోర్టులు మొదటి నుంచీ ఖాళీగానే ఉంటాయి. అవి ఏనాడూ దేన్నీ ఆపలేదు. ఖాళీగా ఉండటంలో రెండు పోర్టులకూ తేడా లేనప్పుడు, ఒకటి ఆపుతోంది, మరొకటి ఆపడం లేదంటే తేడా మరెక్కడో వెతకాలి. అది ప్రతియోగిలో దొరుకుతుంది. రెండు డిస్కులున్న యంత్రంలో విండోస్ వేసినప్పుడు, పాతదానిలో ఈఎఫ్ఐ సిస్టమ్ భాగం ముందే ఉంటే, సెటప్ తన బూట్ ఫైళ్లను చాలాసార్లు అందులోనే పెడుతుంది. విండోస్ మొత్తం ఎస్ఎస్‌డీలో కూర్చున్నా, దాన్ని నిద్ర లేపే ఫైళ్లు పాత డిస్కులోని సుమారు 100 మెగాబైట్ల మూలలో ఉండిపోతాయి. ఆ భాగానికున్న విశిష్ట సంఖ్య మదర్‌బోర్డు జ్ఞాపకంలో నమోదై ఉంటుంది. అంటే లేనిదాని పేరు యంత్రంలోనే రాసి ఉంది. ఆ నమోదే కారణం అందామా? నిన్న యంత్రం చక్కగా లేచినప్పుడు కూడా ఆ నమోదు ఉంది. మారింది అభావం ఒక్కటే.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకొకటి ఉంది. అభావాన్ని కారణమంటే అభావాలకు అంతెక్కడ? ఆ క్యాబినెట్‌లో ఏనుగు కూడా లేదు, ఏనుగు లేకపోవడమూ కారణమేనా? దీనికి లినక్స్ మంచి జవాబిస్తుంది. ఏ డిస్కులు ఎక్కడ జతపడాలో ఎఫ్‌స్టాబ్ అనే చిన్న ఫైల్లో వరసగా రాసి ఉంటుంది. తీసేసిన డిస్కు పేరు అందులో మిగిలిపోతే, లినక్స్‌ను లేపే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు దానికోసం ఎదురుచూసి, రాకపోతే అత్యవసర స్థితిలోకి జారుకుంటుంది. అదే వరసలో నోఫెయిల్ అనే ఒక్క మాట చేర్చి ఉంటే, డిస్కు లేకున్నా యంత్రం లేస్తుంది. డిస్కు లేకపోవడం రెండు సందర్భాల్లోనూ సమానం. ఒక చోట అది కావలసినదిగా రాసి ఉంది, మరో చోట లేదు. ఏనుగు పేరు ఏ ఎఫ్‌స్టాబ్‌లోనూ లేదు. కావలసినదాని అభావానికే బలం.

అయితే లేదని తెలిసేదెలా? కనబడలేదు గనక లేదనడం తొందరపాటు. ఉంటే తప్పక కనబడేది కనబడనప్పుడే లేదని తేల్చాలని భాట్ట మీమాంసకులు అనుపలబ్ధికి, అంటే కనబడకపోవడాన్ని బట్టి లేదని తెలుసుకోవడానికి, హద్దు పెట్టారు. చీకట్లో కుండ కనబడకపోతే కుండ లేదని రుజువు కాదు. డిస్కు లాగేటప్పుడు చెయ్యి తగిలి పక్కనున్న ఎస్ఎస్‌డీ కేబుల్ వదులైతే బయాస్ జాబితాలో ఎస్ఎస్‌డీ కనబడదు. అది పాడైందని కొత్తది కొనేవారు చీకట్లో కుండను వెతికినవారే. అందుకే మొదట బయాస్‌లోకి వెళ్లి డిస్కులు కనబడుతున్నాయా చూడాలి, కేబుళ్లు రెండు వైపులా గట్టిగా నొక్కాలి. ఆ తర్వాతే తర్కం.

అన్వయ వ్యతిరేకాలు, అంటే ఉంటే జరగడమూ లేకుంటే జరగకపోవడమూ, చూడటానికి పాత డిస్కును ఒక్కసారి తిరిగి పెట్టవచ్చు. యంత్రం లేస్తే కాకతాళీయమన్న అనుమానం చాలావరకు పోతుంది. ఇక్కడే చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు: ఆ డిస్కు లేనిదే నడవదని నిర్ణయించుకుని, చావుబతుకుల్లో ఉన్నదాన్ని లోపలే ఉంచేస్తారు. కుమ్మరికి మన్ను మోసుకొచ్చిన గాడిదను నైయాయికులు కుండకు కారణంగా లెక్కించరు, అన్యథాసిద్ధమంటారు. మన్ను ఇంకోలా వచ్చినా కుండ అవుతుంది. పాత డిస్కు బూట్ ఫైళ్లను మోసిన గాడిద. దాన్ని మళ్లీ తీసేసి, విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపి, ఎస్ఎస్‌డీలో విండోస్ భాగాన్ని కొంత తగ్గించి, అక్కడ చిన్న ఈఎఫ్ఐ భాగం చేసి, బీసీడీబూట్ ఆదేశం ఇస్తే అవే ఫైళ్లు అక్కడ తయారవుతాయి. యంత్రం లేస్తుంది. పాత డిస్కు మాత్రం అప్పటికీ క్యాబినెట్‌లో లేదు.