పిల్లి ఒంటి పురుగు, అహింసా ధర్మం

పెంపుడు పిల్లిని ఒళ్లో పెట్టుకునేవారికి ముంజేతుల మీద, పొట్ట మీద, ఛాతీ మీద ఎర్రటి పొక్కులు లేచి విపరీతంగా దురద పెట్టడానికి ఒక కారణం, పిల్లి చర్మం మీద బతికే మైట్లు. ఎనిమిది కాళ్ల ఈ చిన్న జీవులను మందుతో చంపితే తప్ప పిల్లికీ మనిషికీ ఊరట ఉండదు. ఏ ప్రాణికీ హాని చేయరాదని నమ్మేవారికి ఇక్కడే ధర్మసందేహం ఎదురవుతుంది. ఒక జీవి బాధ తీర్చడానికి ఎన్నో జీవుల ప్రాణం తీయవచ్చా?

ముందు ఆ పురుగు సంగతి తెలియాలి. పిల్లి వీపును సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన పొట్టును నల్లకాగితం మీద పరిచి చూస్తే, చుండ్రులా కనిపించే తెల్లటి నలుసుల్లో కొన్ని మెల్లగా కదులుతాయి. అవి కైలెటియెల్లా మైట్లు. నోటోఎడ్రిస్ అనే మరో జాతి చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. పిల్లి చెవుల అంచున, ముఖం మీద మందంగా పక్కులు కట్టేది దీనివల్లే. ఈ రెండూ మనిషిని కుట్టి దురద పుట్టిస్తాయి గానీ మనిషి ఒంటి మీద సంతతిని పెంచుకోలేవు. పిల్లికి వైద్యం జరిగితే మనిషి దురద కొద్ది వారాల్లో దానంతటదే తగ్గుతుంది. అంటే ఈ దురదకు మూలం పిల్లి అనుభవిస్తున్న బాధలోనే ఉంది.

పురుగు ప్రాణానికి విలువ లేదని భారతీయ సంప్రదాయం ఎన్నడూ అనలేదు. మహాభారతంలోని మాండవ్యుడి కథే దానికి సాక్ష్యం. చిన్నతనంలో తూనీగలను గుచ్చి ఆడుకున్న పాపానికి ఆ మహర్షి కొరతశిక్ష అనుభవించవలసి వచ్చింది. తెలియని వయసులో చేసిన తప్పుకు ఇంత శిక్షా అని ఆగ్రహించి ఆయన యముణ్ని శపిస్తే, ఆ యముడే విదురుడిగా పుట్టాడు. కథలో రెండు మాటలు కలిసి ఉన్నాయి. వినోదానికి పురుగును బాధించడం పాపమే. అయినా చేసినవాడి తెలివిని, ఉద్దేశాన్ని తూచకుండా శిక్షించడం న్యాయం కాదు.

ఉద్దేశాన్ని తూచే పనిని జైనులు మరింత లోతుగా చేశారు. గుజరాత్‌లో వారు నడిపిన కొన్ని పాంజ్రపోల్‌లలో, అంటే జంతు శరణాలయాల్లో, ధాన్యపు పురుగుల కోసం కూడా ప్రత్యేకంగా గది ఉండేది. జీవులను ఇంద్రియాల సంఖ్యను బట్టి వర్గీకరించి, చీమను, పేనును మూడు ఇంద్రియాల జీవులుగా, పిల్లివంటి జంతువులను అయిదింద్రియాల జీవులుగా చెప్పారు. ఇంద్రియాలు పెరిగేకొద్దీ హింస దోషమూ పెరుగుతుందన్నారు. చంపాలనే సంకల్పంతో చేసే హింసను గృహస్థు పూర్తిగా మానాలి. ఇంటిపనుల్లో, వృత్తిలో, ఆత్మరక్షణలో తప్పనిసరిగా జరిగేదాన్ని వీలైనంత తగ్గించుకోవాలి. తత్త్వార్థసూత్రం హింసను నిర్వచిస్తూ, ప్రాణం పోవడంతో పాటు ప్రమాదాన్ని, అంటే ఏమరుపాటును, ముఖ్యంగా లెక్కలోకి తీసుకుంది.

బౌద్ధం చేతనకు, అంటే ఉద్దేశానికి, పెద్దపీట వేసింది. అయితే థేరవాద వ్యాఖ్యానాల ప్రకారం ఎదుట ఉన్నది జీవి అని తెలిసి, చంపే ఉద్దేశంతో ప్రయత్నించి చంపితే అది ప్రాణాతిపాతమే, అంటే ప్రాణం తీసిన దోషమే. మందు వేసేవారికి పురుగులు చస్తాయని ముందే తెలుసు. కనుక ఇందులో దోషమేమీ లేదని తప్పించుకోవడం నిజాయితీ కాదు. అదే సమయంలో, దురదను ఓర్చుకుని ఊరుకోమని బౌద్ధం చెప్పలేదు. దురదతో, కురుపులతో బాధపడే భిక్షువులకు ఒంటిని కప్పుకునే ప్రత్యేక వస్త్రాన్ని, ఔషధ చూర్ణాలను బుద్ధుడు అనుమతించినట్టు వినయపిటకంలో ఉంది.

ఈ చిక్కును విప్పే మాట మహాభారతం అరణ్యపర్వంలో, మాంసం అమ్ముకుని బతికే ధర్మవ్యాధుడి నోట వినిపిస్తుంది. నాగలి సాగితే నేలలోని జీవులు చస్తాయి, నడిస్తే కాలికింద చస్తాయి, ఏ హింసా లేకుండా బతికేవాడు లోకంలో లేడని ఆయన కౌశికుడనే బ్రాహ్మణుడికి చెబుతాడు. అంతమాత్రాన హింసకు తలుపులు తెరిచినట్టు కాదు. అహింసకు పూనుకున్నవాడు ప్రయత్నంతో దాన్ని తగ్గించగలడని కూడా అంటాడు.

పిల్లి విషయంలో ఈ వెలుగులోనే నిర్ణయం తీసుకోవాలి. పెంచుకున్న ప్రాణి తన దురదకు తాను మందు వేసుకోలేదు. దాని భారం పెంచినవారిదే. పురుగుల మీద జాలితో వైద్యం మానేస్తే, అయిదింద్రియాల జీవి చర్మం చిట్లి పుండ్లు పడేదాకా గీరుకుంటుంది. దురద భయంతో పిల్లిని వీధిలో వదిలేస్తే పురుగూ బతికే ఉంటుంది, పిల్లికి దిక్కూ పోతుంది. కుక్కలకు వాడే పర్మెత్రిన్ మందును పిల్లికి పూస్తే అది విషమై ప్రాణమే తీయవచ్చు. జైనులు ప్రమాదమన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

పశువైద్యుడు చెప్పిన మందును చెప్పిన మోతాదులో వేయడం, ఇంట్లోని ఇతర జంతువులకూ వైద్యం చేయించడం, పిల్లి పడుకునే బట్టలను వేడినీళ్లలో ఉతకడం, తరచూ దువ్వుతూ మళ్లీ పురుగు పట్టకుండా చూసుకోవడం ఆచరణలో అహింసకు దగ్గరి దారి. ఒకసారి శ్రద్ధగా వైద్యం పూర్తిచేస్తే పదేపదే చంపవలసిన అవసరం తప్పుతుంది. ఇందులో పురుగుల ప్రాణం పోయిన మాట నిజమే. కానీ ఆ పని ద్వేషంతోనో వినోదానికో జరగలేదు, అవసరానికి మించీ జరగలేదు. ధర్మం గృహస్థును అడిగేది అంతే.