స్వరలిపియందు కర్త యెవరు?

శంషాబాదు విమానాశ్రయమునకు సమీపమున ముచ్చింతల్ గ్రామమునందు 2022 ఫిబ్రవరిలో ఆవిష్కృతమైన 216 అడుగుల రామానుజమూర్తిని దర్శించి వచ్చువారిలో, పగలు సాఫ్ట్‌వేరు కొలువు చేయుచు సాయంకాలము పిల్లలకు సంగీతపాఠము చెప్పువారును ఉందురు. రామానుజుల బ్రహ్మసూత్రవ్యాఖ్యయగు శ్రీభాష్యమునందు విచారింపబడిన కర్తృత్వసమస్య, అనగా పనికి నిజమైన కర్త యెవరను ప్రశ్న, అట్టివారి పనిలో నేడు మరల తలయెత్తుచున్నది.

వారు పిల్లలకు నేర్పు స్వరాభ్యాసములలో ధ్రువతాళాలంకారమును చూడుడు. చతురశ్రజాతిలో ఆవర్తమునకు 14 అక్షరములు. షడ్జము మొదలు మధ్యమము వరకు ఎక్కి, గాంధార రిషభములకు దిగి, మరల షడ్జమునుండి గాంధారమునకు పోయి రిషభమున కొరగి, తుదకు మొదటి నాలుగు స్వరములతోనే ముగియును. రెండవ పంక్తి ఈ నడకనే రిషభమునుండి ఎత్తుకొనును. ఆరోహణావరోహణములు కలిసి 10 పంక్తులు, 140 స్వరములు. కర్ణాటక సంగీతమందలి 72 మేళములకును వ్రాసినచో 10,080. లిలీపాండ్ అను స్వరలిపి సాఫ్ట్‌వేరునందు, స్కీమ్ భాషలో చిన్న ఫంక్షన్ వ్రాసి, ఆ నడకను అంకెలతో తెలిపి, మేళమునకు తగిన స్వరస్థానముల నందించినచో, చేతికి దినముల తరబడి పట్టు పని యంతయు నిమిషములలో అచ్చుకు సిద్ధమగును.

మరి యీ స్వరములను వ్రాసిన దెవరు? ఫంక్షనే వ్రాసినదనుట లోకవ్యవహారము. కాని శాస్త్రము సార్థకము కావలెనన్నచో విధిని గ్రహించి పూనుకొనగల చేతనుడే కర్త కావలెననియు, అచేతనమునకు బోధ కలిగింప నెవరికిని సాధ్యము కాదనియు రామానుజులు వాదించిరి. ఫంక్షనునకు మన మిచ్చునది ఆజ్ఞవలె కనబడును గాని, విని, చేయుదునా మానుదునా యని తలపోయువా డక్కడ లేడు. అది గంటము వంటి సాధనము మాత్రమే.

ఇచ్చట ఆక్షేప మొకటి బలమైనది. ఫంక్షన్ వ్రాసినవాడు ఆ స్వరములలో అధికభాగమును కంటితోనైన చూడడు; చూడనిదానికి కర్త యెట్లగును? సమాధానము తప్పు దొర్లినచోట దొరకునని నా నమ్మకము. 36వ మేళమైన చలనాటలో షట్‌శ్రుతి రిషభము సాధారణ గాంధారస్థానముననే పలుకును. స్థానమును బట్టి పేరు పెట్టుమని నియమము చేసినచో ‘రి’ ఉండవలసినచోట ‘గ’ అచ్చగును, శిష్యురాలు దానినే వల్లించును. అందులకు ఫంక్షనును మందలించు గురువు లేడు. చలనాట సంగతి తలపక నియమము చేసినవాని ప్రయత్నమందే దోష మున్నది. దోష మెవరిదో కర్తృత్వమును వారిదే. జీవుని తొలి ప్రయత్నము నపేక్షించియే అంతర్యామియగు ఈశ్వరుడు అనుమతి నిచ్చుననియు, కావుననే విధినిషేధములు వ్యర్థములు కావనియు రామానుజులు చెప్పినది ఇచ్చట నాకు మిక్కిలి సార్థకముగా తోచుచున్నది.

స్వరమును కదలించి పలికించు గమకముల సంగతి వేరు. 1904లో ఎట్టయపురమున తెలుగులో వెలువడిన సంగీత సంప్రదాయ ప్రదర్శినియందు సుబ్బరామ దీక్షితులు గమకములకు ప్రత్యేకచిహ్నములను వాడిరి. తోడి రాగమందలి గాంధారమునకు ఎల్లెడల నొకే చిహ్నము పెట్టు ఫంక్షన్ వ్రాయుట సులభమే. అట్లు వ్రాయరాదని నా దృఢాభిప్రాయము. ఏలయన ముందువెనుకల స్వరములను బట్టియు, నిలుపుదలను బట్టియు ఆ గాంధారము కదలిక మారుచుండును, ఆ మార్పును పాడుకొని చూచినగాని నిర్ణయింపరాదు.