పెరటిలో అడవినాభి

పూజకు పూవు కోయునప్పుడు ఆ పూవు ఎవరిదని విచారించుట అరుదు. పెరటిలోని మందారము, నందివర్ధనము ఇంటివారు నీరు పోసి పెంచినవి. వానిని కోయుటకు వారికి అధికారము కలదు. కాని కొండవాలున ఎవరును విత్తక, ఎవరును తడుపక పూచిన పూవు సంగతి ఏమి? అరుదైన అట్టి మొక్కను పెరటికి తెచ్చుకొనుట దానిని రక్షించుటయా, లేక అపహరించుటయా? ఇది చిన్న ప్రశ్నగా తోచినను గృహస్థధర్మమును తాకు ప్రశ్న.

ఆంధ్రదేశపు పొదల అడవులలోను, పల్లెల ముండ్లకంచెలలోను అడవినాభి అను తీగ పెరుగును. దీనినే అగ్నిశిఖ అనియు, సంస్కృతమున లాంగలి అనియు అందురు. దుంప నాగలివలె వంగియుండుటచే లాంగలి అయినది. రేకులు నిప్పునాలుకలవలె పైకి లేచియుండుటచే అగ్నిశిఖ అయినది. తొలకరికి మొలచి, ఆకుకొనలనే నులితీగలుగా చుట్టి కంచె నెక్కి, వానకాలమున పూచును. మొదట ఆకుపచ్చగా నుండు ఆరు రేకులు క్రమముగా పసుపు వన్నెకును, పిదప ఎరుపునకును మారి వెనుకకు వంగును. వానలు వెనుకబడిన పిదప తీగ ఎండిపోవును. దుంప మాత్రము మరుసటి తొలకరివరకు నేలలో నిద్రించును. 1753లో లిన్నేయస్ దీనికి గ్లోరియోసా సుపర్బా అని శాస్త్రనామము నిచ్చెను. నేడిది తమిళనాడునకు రాష్ట్రపుష్పము.

విజయవాడలో నివసించు ఒక భక్తుడు శ్రావణమాసమున కొండదారిలో ఈ పూవును చూచెననుకొందము. ఇష్టలింగమునకు దీనిని నిత్యము అర్పింపవలెనని అతనికి కోరిక కలుగును. గునపముతో దుంపను త్రవ్వి ఇంటికి తెచ్చును. కోరికయందు దోషము లేదు. కాని ఆ దుంప మిక్కిలి పెళుసు. దాని రెండు కొమ్మల కొనలయందే మొలక దాగియుండును. కొన విరిగినచో ఆ వైపు మొలక రాదు. మిగిలిన దుంపను డెల్టా బరువునేలలో పాతిపెట్టినచో నిలువనీటికి అది క్రుళ్ళిపోవును. కొండయు పూవును కోల్పోవును, పెరడును పొందదు. ఆ చోటు రిజర్వు అడవి అయినచో, మొక్కను పెకలించుట 1967నాటి ఆంధ్రప్రదేశ్ అటవీచట్టము ప్రకారము నేరము కూడ.

దీనికి ఒక ఆక్షేపము కలదు. డెల్టా గ్రామములలో ముండ్లకంచెలు పోయి సిమెంటు గోడలు వచ్చుచున్నవి; మందులకై దుంపలు త్రవ్వువారును కలరు; ఇట్టి స్థితిలో పెరటికి తెచ్చుటయే మొక్కకు శరణము కాదా అని. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని తమిళనాటి అనుభవము వేరొక పాఠము చెప్పుచున్నది. అచ్చట కరూరు, దిండిగల్లు ప్రాంతముల రైతులు విత్తనముల ఎగుమతికై దీనిని పంటగా పండించుచున్నారు. ఆ పొలములలో నాటుటకు కావలసిన దుంపలను సైతము అడవులనుండియే విస్తారముగా త్రవ్వి తెచ్చిరి. సాగు అను పేరు మంచిదైనను, మొదటి దుంప ఎచ్చటనుండి వచ్చినదను ప్రశ్న అట్లే నిలిచినది. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి కఱ్ఱ విషయమును ఇట్టిదే. నాటినదానికంటె నరికినది అధికమైనందున, పుట్టినింటనే ఆ చెట్టు అరుదైనది.

శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్య వృత్తాంతము ప్రసిద్ధము. రాలిన బియ్యమును ఏరి తెచ్చుట అతని కాయకము. ఒకనాడు అతడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని అంగీకరింపలేదు. అధికమైన బియ్యమును తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు, దాసోహమునకే తెచ్చినది. అయినను ఆశ ప్రవేశించిన చోట కాయకము చెడునని ఆమె గ్రహించినది. ఆ దంపతులు దుంపతో ఇంటికి వచ్చిన భక్తుని చూచినచో ఏమందురో ఊహించుట కష్టము కాదు. పూజకే కదా అను సమాధానము వారియెదుట నిలువదు. కొండకు లోటు చేసి తెచ్చినది అర్పణము కాజాలదు.

మరి ఈ పూవును పెంచగోరువారు ఏమి చేయవలెను? సాగుచేసినవారి యొద్దనుండి విత్తనములు తెచ్చుకొనవలెను. విత్తనమునుండి పూవు వచ్చుటకు రెండు మూడేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. ఇసుకయు, పశువుల ఎరువును కలిపిన ఎత్తు మడిపై నాటి, నీరు నిలువకుండ చూచి, ప్రాకుటకు కంపను నిలుపవలెను. తీగ ఎండినప్పుడు చచ్చినదని త్రవ్వి పారవేయరాదు. ఈ ఓర్పే ఇందలి కాయకము. గునపము ఒక గడియలో తెచ్చినదానిని ఇది ఏండ్లతరబడి సంపాదించును. కాని ఇట్లు సంపాదించినది ఎవరికిని లోటు కలిగింపదు.

పూచిన పిదప మరియొక ధర్మసందేహము కలుగును. ఈ పూవున కీలము ప్రక్కకు వంగి కేసరములకు దూరముగా నుండును. అందుచేత ఒంటి తీగకు కాయలు అరుదుగా పట్టును. సాగుచేయువారు ప్రతి ఉదయమును చేతితో పుప్పొడి అద్దుదురు. పూవును కోసినచో కాయ లేదు, కాయ లేనిదే విత్తనము లేదు. అనగా పూజకు ఒక పూవు కోయుట, రాబోవు తీగలను కోయుటయే. కనుక తొలి యేడుల పూవులను తీగపైననే విడిచి, కాయలు పండిన పిమ్మట ఆ ఎఱ్ఱని గింజలను నలుగురికి పంచుట మేలు. పంచినదే దాసోహము.

చివరకు ఒక హెచ్చరిక తప్పదు. అడవినాభి అంతయు విషము. దుంప మరింత విషము. ఆయుర్వేదము దీనిని ఉపవిషములలో చేర్చినది. ఇందలి కోల్చిసిన్ అను పదార్థమును 1820లో ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞులు పెలెటియే, కావెంటూ ఐరోపాలోని మరియొక మొక్కనుండి వేరుపరచిరి. మితమైన మోతాదులో అది వాతరక్తమునకు ఔషధము. మోతాదు మించినచో కణవిభజనను అడ్డుకొని ప్రాణము తీయును. తినదగిన దుంపయని భ్రమించి దీనిని తిని మరణించినవారు మనదేశమునను, శ్రీలంకలోను కలరు. కావున పసిబిడ్డలు గాని, దూడలు గాని తిరుగు పెరటిలో దీనిని నాటరాదు. కంద, చిలగడదుంపల మడులకు దూరముగా నుంచి, ఇంటిల్లిపాదికిని దీని గుణము తెలుపవలెను. పూవును ప్రసాదముగా పిల్లల చేతికి ఈయరాదు. తగిన చోటు లేని ఇంటివారు దీనిని నాటకుండుటయే ధర్మము. దయ మొక్కయందు ఉండి ఇరుగుపొరుగు బిడ్డయందు లేకున్న అది దయ కాదు.

పెరడు అడవి కాజాలదు. పది పెరళ్ళలో పూచినను, కొండపై ఆ తీగ లేకున్న లోటు తీరదు. అందుచే పెంచువాడు తాను రక్షకుడనని గర్వింపక, కొంతకాలము కాపాడి అప్పగించువాడనని తలంపవలెను. శ్రావణమున కొండదారిలో ఆ పూవు మరల కనబడినప్పుడు, గునపమును తలపక రిక్తహస్తములతో నమస్కరించి మరలివచ్చినచో, ఆనాటి పూజకు లోపమేమియు ఉండదు.