గడప దగ్గర ఎవరి చెప్పులు?

హైదరాబాదులో బూట్లు విప్పడమా, మానడమా అన్నది ఒకప్పుడు రాచవ్యవహారం. నిజాం దర్బారుకు వెళ్ళే ఇంగ్లీషు రెసిడెంటు బయటే బూట్లు విప్పి, లోపల అందరిలాగే కింద కూర్చోవాలి. కోఠీలో అంతెత్తు స్తంభాల భవనంలో ఉంటూ, పటాలాలను చేతిలో పెట్టుకున్న దొరలు కూడా ఏళ్ళ తరబడి ఆ పద్ధతికి తలొగ్గారు. 1869లో నిజాం అఫ్జలుద్దౌలా పోయి, రెండున్నరేళ్ళ మహబూబ్ అలీఖాన్‌ను గద్దె మీద కూర్చోబెట్టినప్పుడు రెసిడెంటు సాండర్స్ ఇక కుదరదన్నాడు. బూట్లతోనే వస్తానని, కుర్చీలోనే కూర్చుంటానని పట్టుబట్టాడు. అలాగే జరిగింది. రాజు పసివాడు. దివాను సాలార్‌జంగ్‌కు అది తగవు పెట్టుకునే అదను కాదు. బర్మాలోనైతే ఇదే తగాదా ముదిరి, 1870లలో ఇంగ్లీషువాళ్ళు మాండలే రాజును నేరుగా కలవడమే ఆగిపోయింది.

కోఠీలోని ఆ రెసిడెన్సీ ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. మా హైదర్‌గూడ నుంచి కింగ్‌కోఠి, బొగ్గులకుంట మీదుగా తాపీగా నడిచి వెళ్ళొచ్చు. అటు వెళ్ళినప్పుడల్లా ఆ మెట్ల మీద సాండర్స్ బూట్లే గుర్తొస్తాయి. అంతకుముందు ఆ దర్బారులో నవాబులూ జాగీర్దార్లూ దొరలూ అందరూ విప్పేవాళ్ళే, కాబట్టి అది మర్యాద. ఒక్కడు విప్పనన్న రోజునుంచి మిగతావాళ్ళ వట్టికాళ్ళకు అర్థం మారిపోయింది. విప్పడంలో గౌరవమూ లేదు, అవమానమూ లేదు. విప్పకుండా లోపలికి వచ్చే హక్కు ఎవరికి ఉంది అన్నదాంట్లోనే మొత్తం ఉంది.

ఇంట్లోకి చెప్పులతో రావచ్చా అని మనవాళ్ళని అడిగితే ప్రశ్నే వింతగా ఉందన్నట్టు చూస్తారు. రాకూడదు, అంతే. కానీ మన గుమ్మాల దగ్గర జరిగేది అంత తేలిక వ్యవహారం కాదు.

ఓ మే నెలలో పక్క ఫ్లాటువాళ్ళ ఏసీ మొరాయించింది. బాగుచేయడానికి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. లేసుల బూట్లు, భుజాన సంచి, చేతిలో గ్యాసు డబ్బా. "బాబూ, షూ బయటే" అంది ఆ ఇల్లాలు. మాటలో కటువు లేదు, అలవాటుంది. "సరే మేడమ్" అని ఒకడు గోడకానుకుని విప్పుకున్నాడు. మేజోడుకు బొటనవేలి దగ్గర చిరుగు. చటుక్కున మేజోడు ముందుకు లాగి, ఆ చిరుగును వేలి కిందికి మడిచి, దాని మీదే అడుగేసుకుంటూ లోపలికి పోయాడు. ఏసీ బయటి భాగం డాబా మీద. కిందికీ పైకీ తిరగాలి. ఒకసారి లేసులు కట్టుకున్నాడు, విప్పుకున్నాడు. రెండోసారికి విసుగెత్తి, "ఏం గాదు తియ్యన్నా" అని తోటివాడితో అంటూ వట్టి మేజోళ్ళతోనే డాబా ఎక్కాడు. మే నెల మిట్టమధ్యాహ్నం మన డాబాలు ఎలా కాలుతాయో చెప్పాలా?

ఆ సాయంత్రమే ఆ ఇంటాయన పై అధికారి వచ్చాడు. ఆయనా పాపం మర్యాదగానే లేసుల కోసం వంగబోయాడు. "అయ్యయ్యో, ఫర్వాలేదు సార్, అలాగే వచ్చేయండి" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. సగం వంగిన మనిషి లేచి నిలబడి, పొద్దున తడిగుడ్డ పెట్టిన అదే తెల్ల టైల్సు మీద నల్లబూట్లతో నడుచుకుంటూ వెళ్ళి సోఫాలో కూర్చున్నాడు. ఆ టైల్సుకు మధ్యాహ్నం మైల అంటుతుందట, సాయంత్రం అంటదట.

ఈ "ఫర్వాలేదు, వచ్చేయండి" ఎవరికి దక్కుతుందో గమనిస్తే మన సంఘం పటం గీయడానికి వేరే సర్వే అక్కర్లేదు. పెళ్ళిచూపులకొచ్చిన మగపెళ్ళివారి పెద్దకు దక్కుతుంది. బ్యాంకు మేనేజరుకు దక్కుతుంది. ఓట్లప్పుడు ముప్పైమందిని వెంటేసుకుని హాల్లోకి చొరబడే నాయకుడైతే మనం అనేదాకా ఆగడు కూడా. పాత ఎమ్మెల్యే క్వార్టర్ల పక్కన ఉండేవాళ్ళం, మాకు ఆ దృశ్యం కొత్తేం కాదు. దక్కనిది గ్యాసు బండ తెచ్చే మనిషికి. 14.2 కిలోల గ్యాసు, దాదాపు అంతే బరువు ఇనుము భుజాన పెట్టుకుని, కాలివేళ్ళతోనే చెప్పులు నెట్టేసి, గడప దాటి వంటింటిదాకా నడుస్తాడు. కొత్త ఎర్ర సంచీతో భోజనం తెచ్చే కుర్రాడికైతే ఆ సమస్యే లేదు, వాణ్ణి గడప లోపలికే రానివ్వం.

పనిమనిషి సంగతి ఇంకొకటి. ఆమె ఎలాగూ విప్పే వస్తుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎక్కడ విప్పుతుందో చూశారా? మన షూ ర్యాకులో పెట్టదు. మెట్ల మలుపు దగ్గరో, కింద వాచ్‌మన్ గది పక్కనో వదిలి వట్టికాళ్ళతో పైకి వస్తుంది. ర్యాకులో పెట్టొద్దని ఆమెతో ఎవరూ అని ఉండరు. అనాల్సిన అవసరం లేకుండానే అర్థమయ్యే మాటలు మన ఇళ్ళలో చాలా ఉన్నాయి.

ఇదంతా చదివి, చెప్పులతో ఇంట్లోకి వచ్చేయమంటున్నాననుకోకండి. నేను విప్పించే పక్షమే, గట్టిగా. మా పేటల్లో వీధిలో ఏముందో నాకు తెలుసు. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ళు మోసుకొచ్చే నాలా అశోక్‌నగర్, దోమలగూడ, హిమాయత్‌నగర్ పక్కగానే మూసీకి పోతుంది. గట్టివాన పడితే దానిలో ఉండాల్సింది రోడ్డు మీదికి వస్తుంది. వాన లేని రోజున గుట్కా ఉమ్ములు, కుక్కల గలీజు, తవ్వి వదిలేసిన గోతుల మట్టి. ఇదంతా అరికాలికింద పెట్టుకుని, చంటిపిల్ల దోగాడే నేల మీదికి రావడమేమిటి? మనకు నేలతో ఉన్నంత పని కుర్చీలతో లేదు. బియ్యం ఏరేది నేల మీద, ఆవకాయకు ముక్కలు తుడిచి ఆరబెట్టేది నేల మీద, చుట్టాలు ఎక్కువైతే పరుపులు పరిచేది నేల మీద. డైనింగు టేబులు వచ్చినా పులిహోర కలిపే పెద్ద పళ్ళెం కిందే పెడతాం. నేలను ఇంతగా వాడుకునేవాళ్ళు జపాన్‌లో ఉన్నా, కొరియాలో ఉన్నా చెప్పులు బయటే వదిలారు. అమెరికాలో మన పిల్లల ఇళ్ళల్లో సత్యనారాయణ వ్రతం రోజున గుమ్మం లోపల పేరుకునే బూట్ల గుట్టా అదే చెబుతుంది. అక్కడికొచ్చే ప్లంబరు మాత్రం బూట్లు విప్పడు, సంచిలోంచి నీలంరంగు తొడుగులు తీసి బూట్ల మీదే వేసుకుంటాడు. ఇంటి నేలా శుభ్రం, అతని మేజోడు రహస్యమూ భద్రం. ఆ తొడుగులు మనకూ దొరుకుతాయి, ఆసుపత్రుల్లో చూస్తూనే ఉంటాం. ఇంట్లో ఓ పొట్లం పెట్టుకోవాలని ఎవరికీ తోచదు.

నిజానికి చెప్పులు విప్పడం మన పద్ధతిలో సగమే. మిగతా సగం కాళ్ళు కడుక్కోవడం. పాత హైదర్‌గూడ ఇళ్ళల్లో షాబాదు బండల వాకిట్లో నీళ్ళ తొట్టి, దాని అంచున చెంబు ఉండేవి. వీధిలోంచి వచ్చినవాడెవడైనా, ఇంటి యజమానైనా సరే, మడమలు రుద్దుకుని, తడికాళ్ళతో లోపలికి రావాల్సిందే. ఫ్లాట్లు వచ్చాక గుమ్మం దగ్గర నీళ్ళు పోయాయి, డోర్‌మ్యాటు మిగిలింది. పగలంతా బూట్లలో ఉడికిన మేజోళ్ళతో హాలంతా తిరుగుతూ ఇల్లు శుభ్రంగా ఉందనుకుంటున్నాం. 2020లో కరోనా భయానికి కొన్నాళ్ళు గుమ్మం దగ్గర బకెట్లు మళ్ళీ కనిపించాయి. భయం తగ్గింది, బకెట్లు బాల్కనీకి వెళ్ళిపోయాయి.

చెప్పుల్లోనూ వర్ణవ్యవస్థ ఉంది మనకు. బయటి చెప్పులు, ఇంటి చెప్పులు, బాత్రూం చెప్పులు. బాత్రూం చెప్పులు హాల్లోకి వస్తే ఇల్లెత్తిపోయేంత రభస. విప్పడం శుభ్రానికో, భక్తికో ఒక్కోసారి తేలదు కూడా. కంప్యూటరు కొత్తగా వచ్చిన రోజుల్లో బడుల్లోనూ నేర్పే సెంటర్లలోనూ ఆ గది ముందు బూట్లు విప్పించేవాళ్ళు. దుమ్ము పడితే పాడవుతుందని చెప్పేవారు. ఆ ఏసీ గదిలోకి మేజోళ్ళతో, చేతులు కట్టుకుని అడుగుపెట్టిన పిల్లలకు మాత్రం అది గర్భగుడే.

గర్భగుడి అంటే గుర్తొచ్చింది. చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తాం. చెప్పులు బయట వదులుతాం. దర్శనమయ్యాక పూజారి శఠగోపం పెడితే తల వంచుతాం. ఆ శఠగోపం మీద ఉండేవి స్వామి పాదుకలే. అలిపిరి పాదాల మండపంలో భక్తులు పాదుకలను నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. భరతుడు పద్నాలుగేళ్ళు రాజ్యం చేయించింది వాటిచేతే. చెప్పుకు స్వతహాగా మైల ఉంటే ఇవేవీ కుదరవు. తొడుక్కున్నది ఎవరన్నదాన్నిబట్టి అది నెత్తికెక్కుతుంది, లేకపోతే వీధిలో ఆగిపోతుంది.

ఈ లెక్క తెలంగాణ పల్లెకు బాగా తెలుసు. దొర గడీ ముందునుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాల్సిన కాలం ఒకటి నడిచింది. అది ఇల్లు కాదు, గుడి కాదు, నలుగురూ నడిచే బాట. మట్టిబాట మీద చెప్పులు విప్పిస్తే ఏం శుభ్రమవుతుంది? ఆంధ్ర ఊళ్ళల్లోనూ పెద్దకులాల వీధుల్లో దళితులు చెప్పులతో నడవకూడదన్న కట్టడి ఉండేది. లందలో తోలు నానబెట్టి, తంగేడు చెక్కతో పదును చేసి, దొర నడకకు చప్పుడు వచ్చేలా కిర్రుచెప్పులు కుట్టిచ్చిన మాదిగ, తను కుట్టిన జోడు తను తొడుక్కుని ఆ వీధి దాటలేకపోయాడు. ఆ చప్పుడు వినిపిస్తే జనం పక్కకు తప్పుకోవాలి, దాని పని అదీ. అలాంటి ఇంట పుట్టి ఇవాళ ఏసీ బాగుచేయడానికొచ్చిన కుర్రాడికి "షూ బయటే" అన్న మాట, మనకు వినిపించినట్టే వినిపిస్తుందని ఎలా అనుకుంటాం?

అందరూ విప్పే చోట ఈ ముల్లు ఉండదు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లల హాస్టళ్ళ మెట్ల కింద చూడండి. హవాయి చెప్పులు, పోలీసు ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేసే బూట్లు, ఊరి నుంచి వచ్చిన తోలుచెప్పులు ఒకే కుప్ప. పాతవి వదిలి కొత్తవి తొడుక్కుపోయే ఘనులు ఉంటారనుకోండి, కానీ ఆ కుప్పలో పెద్దా చిన్నా లేదు. గురుద్వారాల్లో మరో అడుగు ముందుకేశారు. జోడా ఘర్ అని ఉంటుంది. వచ్చినవాళ్ళ చెప్పులు అందుకుని, తుడిచి, అరల్లో సర్దడం అక్కడ సేవ. మోటారు కార్లలో వచ్చే ఆసాములు కూడా ముక్కూ మొహం తెలియని మనిషి బూట్లకు గుడ్డ పెడతారు. మసీదు మెట్ల దగ్గరా అంతే, కోటీశ్వరుడి జోడూ కూలీ జోడూ ఒకే అరలో సర్దుకుంటాయి.

మినహాయింపులు ఉండొద్దా? ఉండాలి, కాళ్ళను బట్టి. మధుమేహంతో అరికాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళను ఇంట్లో కూడా వట్టికాళ్ళతో నడవొద్దని డాక్టర్లు చెబుతారు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, తెలిసేసరికి పుండవుతుంది. వాళ్ళకోసమే మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు. నున్నటి గ్రానైటు మీద మడమనొప్పితో కుంటే అమ్మమ్మలకూ అవే దిక్కు. అలాంటి మనిషి మీ ఇంటికొస్తే "విప్పండి" అని మొహమాటపెట్టకండి, ఇంట్లో వాడే చెప్పుల జత ఒకటి అందించండి. కొందరు అత్తగార్లకు దేవుడి గదిదాకా ఎం.సి.ఆర్.తో వెళ్ళాలంటే పాపభయం. కాలు పోగొట్టుకోమని ఏ దేవుడూ అడగడు, ఈ ఒక్క విషయంలో నేను డాక్టరు పక్షం.

మిగతా అందరికీ ఒకటే పద్ధతి పెట్టుకోవచ్చు. ఆఫీసరుగారొచ్చినా విప్పమనండి. ఆయనేం చిన్నబోడు, చాలామంది విప్పడానికి సిద్ధపడే వస్తారు, మనమే ఆపుతాం. ఆయనతో ఆ మాట అనలేనంటే, ఏసీ కుర్రాడితోనూ అనకండి. తొడుగులు ఇవ్వండి, లేదా పాత దుప్పటి పరవండి, పని అయ్యాక తుడుచుకుంటే పోతుంది. గుమ్మం పక్కన ఒక స్టూలు వేయండి, లేసులు విప్పేవాడు ఒంటికాలి మీద గెంతకుండా. ఫ్లాటు పెద్దదైతే బయట ఒక కుళాయి పెట్టించమని బిల్డరును అడగండి, కార్ల పార్కింగు గురించి అడిగినంత గట్టిగా. ఆ పక్కనున్న షూ ర్యాకులో ఒక అర ఖాళీ చేసి, రేపు పొద్దున పనిమనిషి రాగానే ఆ అర ఆమెదని నోటితో చెప్పండి. చెప్పకపోతే ఆమె పెట్టదు.