ఇది దేన్ల పార్టు?

మనసు తెరిచి చూస్తే చాలు, బొమ్మే మాట్లాడుతుందంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం కుదరడం లేదు. చిత్రకళ గురించి ఎవరితో మాట్లాడినా చివరికి అక్కడికే వస్తారు. ఏమీ తెలియనక్కర్లేదట, ఇష్టాయిష్టాలు గుమ్మం బయట వదిలేసి లోపలికి రావాలట. అన్నీ వదిలేసి వచ్చిన మనిషి ఇక దేనితో చూస్తాడు? కళ్ళు అందరికీ ఉన్నాయి. చూపు మాత్రం ఎవరి బతుకులోంచి వాళ్ళకు రావాల్సిందే.

మా కాక హైదరాబాద్ బాలానగర్‌లో టర్నర్. ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్ లాంటి పెద్ద కర్మాగారాలు 1960లలో ఆ వైపు వచ్చాక వాటి చుట్టూ రేకుల షెడ్లు లేచాయి. అట్లాంటి షెడ్లలోనే, లేత్ ముందు నిలబడే ఆయన వయసు గడిచింది. బుష్, షాఫ్ట్, ఫ్లాంజ్, గేర్. అక్కడ తయారయ్యేదేదీ తనంతట తాను పూర్తి వస్తువు కాదు. ఎక్కడికో పోయి, ఇంకేదో యంత్రంలో కూర్చోవాలి. జాబ్ ఎక్కడ కూర్చుంటుందో తెలిస్తేనే ఏ అంచు నున్నగా రావాలో, ఎక్కడ కొంచెం గరుకున్నా నడుస్తుందో తెలుస్తుందని కాక ఎప్పుడూ అంటాడు.

ఆయన్ని ఒకసారి మాదాపూర్‌లో ఒక గ్యాలరీకి తీసుకుపోయాను. రంగుల బొమ్మల ముందు మర్యాదగా నిలబడి, మర్యాదగా కదిలాడు. కె. లక్ష్మాగౌడ్ ఎచింగ్ ఒకటి వచ్చేసరికి ఆగిపోయాడు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టి, బరోడా పోయి ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్న చిత్రకారుడాయన. బొమ్మలో తలపాగా మనిషి, పక్కన మేక, వెనక చెట్టు. కాక చేతులు వెనక్కి కట్టుకుని, ముఖం అద్దానికి ఆనేంతగా వంగాడు.

"ఇది పెన్నుతోని గీసింది కాదు బిడ్డా."

కాదన్నాను. లోహపు రేకు మీద మైనం లాంటి పూత పూస్తారు, సూదితో ఆ పూతను గీకుతారు, తర్వాత రేకును యాసిడ్‌లో ముంచుతారు. గీకిన చోటే యాసిడ్ తింటుంది. ఆ గాళ్ళలోకి సిరా ఎక్కించి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో నొక్కుతారు. నేను చెబుతుంటే ఆయన వేలు అద్దానికి అంగుళం దూరంలో గాలిలో కదులుతోంది. మేక వీపు మీది వెంట్రుకలు సన్నగా, ఇంచుమించు బూడిదరంగులో ఉన్నాయి. మనిషి భుజం గీత నల్లగా, కాగితం మీద ఉబ్బి ఉంది.

"ఈ భుజం గీత యాసిడ్‌ల ఎక్కువసేపున్నది. మేకది తొందరగ తీసి, మల్ల పూత పెట్టి మూసిండు. మూసి, రేకును మల్ల ముంచిండు. అంతే గద?"

అంతే. చెప్పనిది కూడా ఆయన గీతలోంచి చదివాడు. మా పక్కన వచ్చినవాళ్ళు ఒక్కో బొమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగి, బాగుందనుకుని, ఫోన్‌లో తీసుకుని సాగిపోతున్నారు. వాళ్ళ మనసులు తెరిచే ఉన్నాయి, దేనికీ అడ్డు చెప్పడం లేదు. అడ్డు చెప్పకపోవడం వల్లే వాళ్ళకు ఏదీ తగలడం లేదేమో అనిపించింది. కాకకు తగిలింది. తగిలింది కనకే ఆయన అడిగాడు:

"పని మంచిగున్నది. గని, ఇది దేన్ల పార్టు?"

నేను ఏమీ చెప్పలేకపోయాను. ఇప్పటికీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కళ కళ కోసమే అని ఒక జవాబు ఉంది, కానీ ఎవరికీ అక్కర్లేని షాఫ్ట్‌ను షాఫ్ట్ కోసమే చేశానన్నట్టు ఉంటుంది అది. ఆ మాట ఆయన ముందు అనడానికి నోరు రాలేదు.

కథ చెప్పడానికి గుడ్డ మీద గీసే చేర్యాల పటాలకైతే ఈ చిక్కు లేదు. 3 అడుగుల వెడల్పు, 40 అడుగులు దాటిన పొడవు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్ళ చేతిలో ఒక పటం, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగల వాళ్ళ చేతిలో ఇంకొకటి. కథ నడిచినకొద్దీ పటం విప్పుతూ పోతారు. ఎవరు గీయించారో, ఎవరికి చూపించాలో, ఏ రాత్రి విప్పాలో అన్నీ తెలిసినవే. పాతబడి చిరిగితే ఏటిలో కలుపుతారు, అంటే దాని పని అయిపోయిందని. కాక అడిగిన ప్రశ్నకు పటం తలెత్తి జవాబు చెప్పగలదు.

అందుకని కొన్నాళ్ళు నేనొక నిర్ణయానికి వచ్చి కూర్చున్నాను. బొమ్మ విలువ అది అతుక్కుని ఉన్న బతుకులోనే ఉంది, అక్కడినుంచి విడదీసి గోడకు కొడితే మిగిలేది నైపుణ్యమే అని. చేర్యాల పటానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు హైటెక్ సిటీ ఆఫీసుల్లో దాని ముక్కలు ఫ్రేముల్లో కనిపిస్తాయి. కథకుడు లేడు, వినేవాళ్ళు లేరు, ముందు ఘట్టం లేదు, తర్వాతి ఘట్టం లేదు. నాకు కోపం వచ్చేది.

కానీ ఆ నిర్ణయం నిలబడలేదు. అలాంటి ఒక ఆఫీసులో ఎవరికోసమో ఎదురుచూస్తూ ఎదురుగా ఉన్న ఫ్రేమును చూశాను. వెనకంతా చిక్కటి ఎరుపు. ఆ ఎరుపు ముందు పసుపు చీర ఆడమనిషి పక్కకు తిరిగి ఉంది, కన్ను మాత్రం చెవిదాకా సాగి ఉంది. ఏ పురాణమో, ఏ ఘట్టమో నాకు తెలియదు. ఇలాంటి కథలు ఎవరికోసం చెబుతారో ఆ కులాల్లో నేను పుట్టలేదు కూడా. అయినా చూపు తిప్పుకోలేకపోయాను. అంతకుముందు తలలో తిరుగుతున్న జీతం లెక్కలు ఎటో పోయాయి. విడదీస్తే నైపుణ్యమే మిగులుతుందన్న నా మాట నిజమైతే, ఆ ఎరుపు నన్నెందుకు ఆపాలి? అలాగని బొమ్మే మాట్లాడిందని ఒప్పుకోను. అది నాతో ఏమీ అనలేదు. ఆమె ఎవరు, ఎటు చూస్తోంది అని నేనే అడుగుతూ ఉన్నాను.

మనసు తెరవడమంటే ఇష్టాయిష్టాలు వదిలేయడం కాదని మాత్రం ఇప్పుడు గట్టిగా అనగలను. మన పనిలో ఒక వస్తువును ఎంత కఠినంగా నిలదీస్తామో, బొమ్మనూ అంతే కఠినంగా నిలదీయాలి. జవాబు రాకపోయినా అక్కడే నిలబడాలి. ఆ రెండోది కాకకు చేతనైంది. నాకు ఇంకా పూర్తిగా కాలేదు, జవాబు దొరక్కపోతే సిద్ధాంతం వైపు పరుగెత్తుతాను.

పటాల సంగతంతా మొన్న కాకకు చెప్పాను. ఫ్రేములో పెట్టడం సబబా కాదా అన్న నా వాదన ఆయనకు పట్టలేదు. చింతగింజల జిగురు, తెల్లమట్టి కలిపి గుడ్డకు పూస్తారన్న దగ్గర ఆపాడు. అంత మందాన పూత పూసిన గుడ్డను చుట్టలు చుడితే పగుళ్ళు రావాలి గదా, ఎందుకు రావడం లేదని అడిగాడు. నాకు తెలియదన్నాను. "అయితే చేర్యాలకు పోయి చూద్దాం పా" అన్నాడు.