బాగుచేయుట యనగా బలపరచుట

పఠనీయ భాగములు: నెహెమ్యా 3వ అధ్యాయము, హగ్గయి 1:1–11

ఛత్తీస్‌గఢ్ రాజధానియైన రాయపూర్ నగరములో మోవా యను పేట కలదు. వైశాఖమాసమున ఆ ప్రాంతమందు పగలెల్ల ఎండ నిప్పులు చెరుగును. ఏదో యొక సాయంకాలమున ఆకాశము మసకబారి, ధూళి లేచి, ఉరుములతో గాలివాన విరుచుకొని పడును. అక్కడివారు దానిని ఆంధీ యందురు. అది నిలుచునది కొంత సేపే. అయినను అది దాటిపోయిన తరువాత ఒక యింటి రేకు పొరుగింటి ముంగిట పడియుండును. ‘ఖపరా’ యని ఆ దేశస్థులు పిలుచు మట్టిపెంకులు చూరు క్రింద పగిలి కుప్పగా నుండును. విజయనగరము నుండి రాయపూరునకు రైలుమార్గము 1931లో పూర్తియైనది. జీవనోపాధికై ఆ నగరమునకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ గాలి క్రొత్తది కాదు.

మరునాటి ఉదయమున అట్టి యిండ్లలో నొకదానిని తలంచుకొనుడి. ఇంటి యజమాని నిచ్చెన వేసికొని కప్పెక్కును. చేతిలో నున్న డబ్బు కొద్ది. మరల వాన రాకముందే కప్పవలెనను ఆత్రము మెండు. ఎగిరిపోయిన రేకును వెదకి తెచ్చి, వంకర తీసి, పాత మేకులనే పాత రంధ్రములలో కొట్టి, పైన నాలుగు రాళ్లు పేర్చి దిగును. ఇల్లు నిన్నటివలెనే యున్నదని కుటుంబమంతయు ఊరట చెందును. అయితే నిన్నటివలె నుండుటయే ఆ యింటికి వచ్చిన ముప్పు. నిన్న ఊడిన చోటనే అది రేపును ఊడును.

గాలి కప్పును పైనుండి నొక్కి కూల్చునని పలువురు తలంచుదురు. వాస్తవము వేరు. వేగముగా వీచు గాలి కప్పుమీదుగా పోవునప్పుడు దానిని పైకి పీల్చును. తలుపో కిటికీయో తెరచుకొన్నచో లోపల జొరబడిన గాలి క్రిందినుండి కప్పును పైకి నెట్టును. ఈ రెండు బలములు కూడినప్పుడు కప్పు లేచిపోవును. చూరు అంచులయందును, నడికొప్పునందును, అన్నిటికంటె మూలలయందును ఆ పీల్పు అధికము. యోబు పెద్ద కుమారుని యిల్లు కూలిన వృత్తాంతములో అరణ్యమునుండి వచ్చిన గాలి ఆ యింటి నాలుగు మూలలను కొట్టెనని లేఖనము చెప్పుట గమనింపదగినది. గాలివేగము రెండింతలైన, దాని బలము నాలుగింతలగును. రాళ్లు, ఇసుక మూటలు అట్టి బలమునకు నిలువవు. అవియే జారిపడి మనుష్యులను గాయపరచును.

భారత ప్రమాణముల సంస్థవారి నియమావళి కట్టడములపై గాలి బలమును లెక్కించుటకు విశాఖపట్నమునకు సెకనుకు 50 మీటర్లను, రాయపూరునకు 39 మీటర్లను మూల వేగముగా నిర్ణయించినది. 39 మీటర్లనగా గంటకు 140 కిలోమీటర్లు. సముద్రము దూరముగా నున్నదను ధైర్యముతో లోతట్టు ఊరివారు నిశ్చింతగా నుండుటకు వీలులేదు. 2014 అక్టోబరు 12వ తేదీ ఆదివారము హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినప్పుడు గుడిసెల కప్పులు మాత్రమే గాక విమానాశ్రయపు కప్పు సహితము దెబ్బతినెను. ఆ తుపాను బలహీనపడియు ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరమునకు సాగిపోయెను.

మరి కప్పును నిలుపునది ఏది? బరువు కాదు, కట్టు. రేకును అడ్డదూలమునకు వాషరుతో కూడిన కొక్కెపు బోల్టు పట్టుకొనవలెను. అడ్డదూలము వాసమునకును, వాసము గోడకును ఇనుప పట్టీతో బిగింపబడవలెను. గోడ పునాదిని విడువకుండవలెను. అంచులయందును మూలలయందును బోల్టులు మరింత దగ్గరగా నుండవలెను. పైనుండి క్రిందివరకు ఒకదానినొకటి పట్టుకొనిన గొలుసువంటిది ఇల్లు. ఆ గొలుసులో బలహీనమైన కొక్కెము ఏదో గాలి దానినే వెదకి విప్పును. తెలుగులో ‘ఇల్లు కట్టుట’ యను మాటలో ఈ జ్ఞానమంతయు దాగియున్నది. కట్టబడనిది పేర్చబడినదే గాని యిల్లు కాదు.

నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమును చదువువారు పేర్ల వరుసలను చూచి విసుగుచెందుట కలదు. కాని ఆ పేర్ల నడుమ ‘బాగుచేసెను’, ‘బాగుచేసిరి’ యను మాట మరల మరల వినబడును. హెబ్రీ మూలమందు అచ్చట నున్నది ‘హెహెజీక్’ అను క్రియ. ముప్పదికి పైగా సార్లు ఆ అధ్యాయములో అది వచ్చును. దాని ధాతువునకు బలము, పట్టు అని అర్థము. పడిన రాతిని తిరిగి పెట్టుట మాత్రమే వారు చేయలేదు. దానిని బలపరచిరి, గట్టిగా పట్టుకొనునట్లు చేసిరి. లేఖనభాషలో బాగుచేయుట యనగా బలపరచుటయే.

పశ్చాత్తాపమును గూర్చి సంఘములలో కలుగు పొరపాటు ఇచ్చటనే యున్నది. శోధన వచ్చినప్పుడు కుటుంబప్రార్థన ఆగిపోవును, సహోదరుల నడుమ మాటలు తెగును, ఋణము వలన నిజాయితీ సడలును. గాలి తగ్గిన తరువాత విశ్వాసి కన్నీటితో దేవుని సన్నిధికి వచ్చి, పాత అలవాటులనే పాత చోటులలో తిరిగి అమర్చుకొనును. ఆదివారము మరల గుడిలో కూర్చుండును. నిన్నటివలెనే యున్నానని ఊరట చెందును. ఏ కట్టు తెగినది, ఎందుకు తెగినది అని అతడు అడుగడు. ప్రభువు కొండమీది ప్రసంగాంతమందు బండమీది పునాదిని గూర్చి చెప్పెను. ఆయన ఆ బండను తన మాటలు వినుటతో మాత్రమే గాక వాటి చొప్పున చేయుటతో ముడిపెట్టెను. క్రియ లేని వినికిడి పునాది నంటని కప్పువంటిది. క్షమాపణ దేవుని ఉచితమైన వరము. అయితే క్షమింపబడినవాడు తుప్పుపట్టిన మేకును చూచియు చూడనట్లు విడిచిన యెడల, తనకు దొరికిన కృపాకాలమును వ్యర్థపరచుకొనును.

దివిసీమ చరిత్ర ఇందుకు సాక్ష్యము. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. అచ్చట అధికముగా ప్రాణములు తీసినది గాలి కాదు, పొంగివచ్చిన సముద్రము. ఆ తరువాత ప్రభుత్వమును, సేవాసంస్థలును పూర్వపు గుడిసెల స్థానమున గుడిసెలనే వేయించి చాలించుకొనక, పక్కా యిండ్లను, తుపాను ఆశ్రయములను కట్టించిరి. దుఃఖము నేర్పిన పాఠమును గోడలలో ఇమిడ్చిరి.

అయితే ఒకని కప్పు అతనిది మాత్రమే కాదు. క్రొత్త యిల్లు కట్టినవాడు దాని కప్పునకు పిట్టగోడ కట్టింపవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. ఎవడైనను పడి మరణించిన యెడల ఆ రక్తాపరాధము ఆ యింటిమీద నుండును. గాలిలో ఎగురు రేకు కత్తివంటిది. దానిని బిగింపని నిర్లక్ష్యము పొరుగువాని బిడ్డ మెడమీద పడవచ్చును. అద్దె పుచ్చుకొనువాడు కప్పు తనది కాదన్నట్లును, అద్దె యిచ్చువాడు ఇల్లు తనది కాదన్నట్లును తప్పించుకొనుచుండగా గాలి ఎవరి పత్రములను చూడదు. ఈ ఆజ్ఞయెదుట ఇద్దరును ఉత్తరవాదులే.

ఇచ్చట సంఘమునకు కఠినమైన ప్రశ్న యొకటి కలదు. ఒకే గాలికి ప్రార్థనామందిరపు రేకులును, ఆ సంఘములోని విధవరాలి యింటి రేకులును లేచిపోయిన యెడల, పెట్టెలోని సొమ్ము ముందు దేనికి? పలువురు హగ్గయి ప్రవక్తను చూపి, దేవుని మందిరమే ముందని తీర్పు చెప్పుదురు. క్రీస్తుపూర్వము 520లో హగ్గయి పలికిన ఆ గద్దింపును జాగ్రత్తగా చదువవలెను. ఆయన గద్దించినది సరంబీ వేసిన యిండ్లలో సుఖముగా నివసించువారిని. కప్పు లేక తడియుచున్నవారిని కాదు. ఆ వాక్యమును విధవరాలిమీద ప్రయోగించుట ప్రవక్తను తలక్రిందులు చేయుటయే. సుఖముగా నున్నవారు తమ సరంబీలోనుండి కొంత తీసి ఇచ్చిన యెడల మందిరమునకును విధవరాలికిని చాలును. అప్పటికిని చాలనియెడల, సంఘము కొన్ని ఆదివారములు చెట్టునీడను ఆరాధించిన దేవునికి అవమానము కలుగదు. ఆమె బిడ్డలు వానలో నిద్రించుచుండగా క్రొత్త రేకుల క్రింద పాడిన కీర్తనవలననే ఆయనకు అవమానము కలుగును.

నెహెమ్యా దినములలో తెకోవీయుల ఘనులు పనికి మెడ వంచలేదు. అయినను సామాన్యులైన తెకోవీయులు తమ భాగమును ముగించి మరియొక భాగమును కూడ బాగుచేసిరి. షల్లూము తన కుమార్తెలతో కూడ పనిచేసెను. కొందరు తమ యింటి యెదుటి భాగమును, కొందరు తమకు ఇల్లే లేని చోటి గోడను బలపరచిరి. కప్పెక్కలేని వృద్ధులకు నిచ్చెన పట్టుకొనుటయు, బోల్టులు అందించుటయు, పనివారికి నీళ్లు తెచ్చుటయు మిగిలియుండును. సిమెంటు రేకు అడుగు పెట్టగానే విరుగునని యెరిగి, దూలములమీదుగా పలక వేసికొని నడువుమని యువకుని హెచ్చరించుటయు ఆ పరిచర్యలోనిదే.

మార్కు సువార్త రెండవ అధ్యాయమందు నలుగురు మనుష్యులు పక్షవాయువుగల స్నేహితునికొరకు ఒక యింటి కప్పును విప్పిరి. గ్రీకులో కప్పునకు ‘స్తెగె’ యని పేరు. అపొస్తలుడైన పౌలు కొరింథీయుల మొదటి పత్రిక 13వ అధ్యాయములో ప్రేమ అన్నిటిని తాళుకొనునని చెప్పుటకు వాడిన ‘స్తెగో’ అను క్రియ ఆ కుటుంబమునకే చెందినది. కప్పి కాపాడుట, పైనుండి వచ్చు వానను లోనికి రానీయక భరించుట దాని భావము. ప్రేమ కప్పువలె నుండవలెను. క్రింద నున్నవారు తడియకుండునట్లు తాను తడియుటయే కప్పు చేయు పని. కల్వరియందు క్రీస్తు చేసినదియు అదియే.

మరల వైశాఖము వచ్చును, గాలి వీచును. ఈలోపు ప్రతి కుటుంబపు పెద్ద తన కప్పుమీది ప్రతి బోల్టును, తన జీవితములోని ప్రతి కట్టును పరీక్షించుకొనునుగాక. తరువాత నిచ్చెనను ఇంటికి చేర్చక పొరుగువాని గోడకు ఆనించునుగాక. బీదలకు ఆశ్రయముగాను, గాలివానలో చాటుగాను ఉన్న దేవుడు తన ప్రజల చేతులను ఈ పనికి బలపరచునుగాక. ఆమేన్.