ఆటపట్టించే హక్కు

మన పెళ్ళిళ్ళలో ఆడపెళ్ళివారి వైపు స్త్రీలు మగపెళ్ళివారిని వెక్కిరిస్తూ పాటలు పాడేవారని చెబితే, నాతో వార్డులో పనిచేసే ఇంగ్లీషు నర్సు మొదట నమ్మలేదు. వియ్యంకుడి పొట్ట మీద, వియ్యపురాలి గిల్టు నగల మీద, అందరూ వింటుండగా, అదీ వాళ్ళు భోజనానికి కూర్చున్నప్పుడా? కోపాలు రావా? వచ్చేవి, కానీ వచ్చినట్టు బయటపడితే వాళ్ళకే చిన్నతనం అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "అయితే అది మా బెస్ట్ మ్యాన్ ప్రసంగమే" అంది. ఇక్కడి పెళ్ళి విందులో పెళ్ళికొడుకు ప్రాణస్నేహితుడు లేచి, అత్తమామల ఎదుటే అతని పాత బాగోతాలన్నీ విప్పుతాడు. పెళ్ళికొడుకు ముఖం ఎర్రబడినా సరే నవ్వుతూ కూర్చోవాలి.

ఇలాంటి పరిహాసాల గురించి రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే ఇంగ్లీషు మానవశాస్త్రవేత్త 1940లో ఒక వ్యాసం రాశాడు. కొన్ని బంధుత్వాల్లో ఒకరినొకరు ఆటపట్టించుకోవడానికి ఆచారమే అనుమతి ఇస్తుంది. కొన్నిచోట్ల ఆటపట్టించి తీరాలి కూడా. అవతలి మనిషి నొచ్చుకోకూడదు. ఆయన ఉదాహరణలు ఎక్కువగా ఆఫ్రికావి గాని, చదువుతుంటే మన బావామరదళ్ళు, బావామరుదులే కళ్ళ ముందు తిరుగుతారు. పెళ్ళితో రెండు కుటుంబాలు ఒకటవుతాయి, కానీ ఇంకా పరాయివే. ఆ ఇరకాటాన్ని కొట్లాట కానివ్వకుండా పరిహాసం మోస్తుందని ఆయన వాదన.

నా సహోద్యోగికి వింతగా తోచింది ఏమిటంటే, మన దగ్గర ఆ అనుమతి వరసను బట్టి రావడం. ఒకే మాట మేనత్త కొడుకు అంటే సరసం, పెద్దనాన్న కొడుకు అంటే తప్పు. బావని ఏమైనా అనవచ్చు, మామగారి ముందు నోరు మెదపకూడదు. వాళ్ళకి హద్దులు సందర్భాన్ని బట్టి ఉంటాయి. విందులో చెల్లినది మర్నాడు చెల్లదు. ఇక ఎప్పుడైనా చెల్లేది ఒక్కటే, తన మీద తాను వేసుకునే జోకు. అది వాళ్ళకి మర్యాదలో భాగం. ఆపరేషన్ థియేటర్‌కి తీసుకువెళ్తుంటే, "తిరుగు టికెట్ కూడా ఇచ్చారా?" అని అడిగే పెద్దాయనలను ఎంతమందిని చూశానో. భయం లేక కాదు. భయాన్ని మన ముందు పెట్టి మనల్ని ఇబ్బంది పెట్టకూడదని. వచ్చిన కొత్తలో నాకు ఇది మొండితనంలా కనిపించేది. ఇప్పుడు అందులో ఒక రకమైన దయ కనిపిస్తుంది.

మన తెలుగువాళ్ళకి తమని చూసి తాము నవ్వుకోవడం రాదేమో అని ఆమె అనుమానం. దానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లోనే వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదువుకని ఇంగ్లండుకు బయలుదేరి, అడుగడుగునా నవ్వులపాలవుతాడు. ఆ కథ మనకు చెప్పేది పార్వతీశమే. తన అమాయకత్వాన్ని తానే వరసగా పరుస్తాడు. ఆమెకు ఈ కథ ఎంతో నచ్చింది.

అయితే తనని తాను తక్కువ చేసుకునే సరదా అందరికీ ఒకే ధరకు దొరకదని ఆమెకు చెప్పాను. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు ఉద్యోగ సమీక్షలో "ఏదో నెట్టుకొచ్చాను" అంటే, వినేవాళ్ళు దాన్ని వినయమని తీసుకుంటారు. అదే మాట మన యాసలో వస్తే, నిజంగానే పని రాదేమో అనుకునే ప్రమాదం ఉంది. కిందికి దిగడం సరదాగా ఉండాలంటే ముందు కాస్త ఎత్తులో నిలబడి ఉండాలి. ఆమె దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. రెండు రోజుల తర్వాత, "నువ్వు అన్నది మా నాన్నకి కూడా వర్తిస్తుంది, ఆయన గని కార్మికుడు" అంది. మేనేజర్ల ముందు ఆయన ఎప్పుడూ తన మీద జోకు వేసుకోలేదట, ఇంట్లో మాత్రం వేసుకునేవాడట.

ఆమెది యార్క్‌షైర్. క్రికెట్ మాట వస్తే అక్కడివాళ్ళు ఊరుకోరు. అజీమ్ రఫీక్ సంగతి తెచ్చింది కూడా ఆమే. యార్క్‌షైర్ జట్టులో తనని జాతి పేరుతో ఏమేమి అనేవారో అతను 2021 నవంబరులో పార్లమెంటు కమిటీ ముందు చెప్పాడు. అంతకు ముందు క్లబ్బు జరిపించిన విచారణ, అందులో ఒక మాటను స్నేహపూర్వకమైన 'బ్యాంటర్' కింద లెక్కగట్టింది. బ్యాంటర్ అంటే స్నేహితుల మధ్య సరదా ఎత్తిపొడుపు. ఇక్కడ ఆ మాట కింద ఎన్ని గాయాలు దాచవచ్చో దేశమంతా చూసింది. ఆ వారంలోనే మరో సంగతి బయటపడింది. పదేళ్ళ క్రితం యూదుల గురించి రఫీక్ కూడా ఎగతాళిగా రాసిన సందేశాలు. అతను క్షమాపణ చెప్పాడు. దెబ్బ తిన్నవాడికి దెబ్బ ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి ఇంకొకరిని కొట్టడు అనుకుంటాం. అలా ఏమీ ఉండదు.

ఈ దేశపు సమానత్వ చట్టం, 2010 నాటిది, ఈ విషయంలో స్పష్టంగా ఉంది. వేధింపు అవునా కాదా తేల్చేటప్పుడు అన్నవారి ఉద్దేశాన్ని మాత్రమే కాదు, ఫలితాన్ని కూడా చూడాలి. పడినవారికి ఎలా అనిపించిందన్నది లెక్కలోకి వస్తుంది, అలా అనిపించడం సబబేనా అన్నదీ వస్తుంది. సామెతల గ్రంథం 26వ అధ్యాయం చదివినవారికి ఇది కొత్త కాదు. పొరుగువాణ్ణి మోసం చేసి, తమాషాకి చేశానని తప్పించుకునేవాణ్ణి అక్కడ నిప్పులు విసిరే పిచ్చివాడితో పోల్చారు. ఉద్దేశం ఏదైనా నిప్పు కాలుస్తుంది కదా.

ఎఫెసీయుల పత్రిక 5వ అధ్యాయంలో పౌలు వద్దన్న వాటిలో మన తెలుగు బైబిలు 'సరసోక్తులు' అన్న మాట కూడా చేర్చింది. గ్రీకులో ఆ మాట యూట్రపెలియా. విచిత్రం ఏమిటంటే అరిస్టాటిల్ దాన్ని సద్గుణాల్లో లెక్కించాడు. అటు విదూషకుడి వెకిలితనానికీ ఇటు నవ్వడమే తెలియని మొరటుతనానికీ మధ్య ఉండే చమత్కారం అది. ఒకే మాట ఒకరికి గుణం, మరొకరికి దోషం. పౌలు బూతులతో పాటు ఆ మాటను చెప్పాడు కాబట్టి నవ్వునే నిషేధించాడని నేను అనుకోను. ఈ రెండు అర్థాల మధ్య తేడా మాటలో లేదు, మాట పడే మనిషిలో ఉందని మాత్రం నాకు అనిపిస్తుంది. 'సరసం విరసం కొరకే' అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

మన ఫెలోషిప్‌లో జరిగిన ఒక సంగతి ఆమెతో చెప్పాను. చదువుకోవడానికి వచ్చిన ఒక అబ్బాయి 'వెజిటబుల్' అన్న మాటను మన ఊళ్ళో నేర్పినట్టే నాలుగు ముక్కలుగా పలుకుతాడు. ఆదివారం భోజనాల దగ్గర అతని చేత కావాలని ఆ మాట పలికించేవారు. నవ్వేవాళ్ళందరూ పదిహేనేళ్ళ క్రితం అలాగే పలికినవాళ్ళే. ఆ అబ్బాయీ నవ్వేవాడు. రెండు నెలలు నవ్వి, రావడం మానేశాడు. మనవాడనుకునే కదా ఆటపట్టించాం అని పెద్దలు బాధపడ్డారు. ఆ బాధ నిజమైనదే.

నా సహోద్యోగి ఒక్కటే అడిగింది. "అతను తిరిగి వాళ్ళ మీద జోకు వేసేవాడా?"

వేయలేడు. వాళ్ళు 'అంకుల్స్'. మన వరసల లెక్కలో బాబాయితో పరాచికాలు ఆడకూడదు. ఆటపట్టించడానికి వీళ్ళు బావలు, తిరిగి అంటే మాత్రం బాబాయిలు. ఊళ్ళో అయితే ఇలా కుదరదు. పెళ్ళిలో బావ చెప్పులు దాచి డబ్బు లాగిన మరిదే, ఆ బావ ఆసుపత్రిలో పడితే రాత్రంతా బల్ల మీద కూర్చుంటాడు. అన్న మాటలకు చేసిన చాకిరీ జామీను. ఇక్కడికి వచ్చేటప్పుడు వరసలు విమానం ఎక్కాయి, చాకిరీలో సగం అక్కడే ఉండిపోయింది.

తర్వాత ఆ పెద్దల్లో ఒకాయన ఆ అబ్బాయి గదికి వెళ్ళాడు, బియ్యం బస్తా, ఒక హీటరు కారులో వేసుకుని. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఇప్పుడు ఆదివారాలు ఆ అబ్బాయిని తీసుకొచ్చేది ఆయనే. రౌండబౌట్ దగ్గర ఆయన ఏ గీతలోకి వెళ్ళాలో తెలియక రెండు చుట్లు ఎలా తిరుగుతాడో ఆ అబ్బాయి చేసి చూపిస్తుంటే, మొన్న అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.